బొచ్చెపిల్లల సాక్ష్యం

మల్సూర్ మాటంటే వాడపల్లి నుంచి మిర్యాలగూడ దాకా ఎదురుండేది కాదు. అది అతని మంచితనం వల్ల వచ్చిన పేరు కాదు, చేపల వల్ల వచ్చింది. మూసీ కృష్ణలో కలిసే చోట పుట్టి పెరిగిన బెస్తవాడు. తండ్రి దగ్గర వల విసరడంతో పాటు బావుల్ని పరీక్షించే పని కూడా నేర్చుకున్నాడు. ఏ ఊళ్లో కొత్త బావి పడినా, ఆ నీళ్లు గొంతులో పోసుకునే ముందు అతనికి కబురు వచ్చేది.

కావడికి రెండు కుండలు కట్టి, ఏటి నీళ్లలో వేలెడంత బొచ్చె చేపపిల్లల్ని వేసుకుని వెళ్లేవాడు. ఏడింటిని ఏరి వెదురుబుట్టలో పెట్టి, మూత బిగించి, తాడుతో బావిలోకి దించేవాడు. మూడు పగళ్లు, మూడు రాత్రులు గట్టు మీదే కాపలా. ఆ మూడు రోజులూ ఊరు అతనికి కొత్త అల్లుడికి పెట్టినట్టు పెట్టేది. నాలుగో పొద్దున పెద్దల ముందు బుట్ట పైకి తీసి, ఏడూ కదులుతుంటే వాటిని బావిలోకి వదిలి, మొదటి దోసిలి తానే తాగేవాడు. కొర్రమీనును ఎందుకు వాడవని ఎవరైనా అడిగితే, అది బురదలోనూ బతుకుతుంది, దాని సాక్ష్యం చెల్లదు అనేవాడు. బొచ్చెపిల్ల సుకుమారం. నచ్చని నీళ్లలో పూట కూడా నిలవదు.

చెల్లెలు గోపమ్మను ఇచ్చిన రాళ్లగూడెంలో బావి పడినప్పుడు కూడా అతన్నే పిలిచారు. బండను పగలగొట్టడానికే రెండేళ్లు పట్టిన బావి అది. అన్నాళ్లూ గోపమ్మ రెండు కోసుల దూరం నుంచి నీళ్లు మోసింది. అప్పుడు ఏడో నెల కడుపుతో ఉంది. రెండో రోజు మధ్యాహ్నం ఊరి పెద్దలు గట్టు దగ్గర చేరి ఎట్లా ఉందని అడిగితే, మల్సూర్ గొప్పకు పోయి, కొబ్బరినీళ్ల లాంటి నీళ్లని చెప్పేశాడు. ఊరు అంతటితో ఆగుతుందా? సాయంత్రానికే పొట్టేలును కోసింది. అతను కడుపు నిండా తిన్నాడు.

నాలుగో పొద్దున తెల్లవారకముందే బుట్ట పైకి లాగి చూస్తే మూడు వెల్లకిలా పడి ఉన్నాయి.

అప్పుడు అతను చేసిన పని చెప్పడానికి నాకే నోరు రావడం లేదు. చచ్చిన మూడింటిని ముళ్లకంపలోకి విసిరేశాడు. కుండలో మిగిలినవాటిలోంచి మూడు హుషారైనవి తీసి బుట్టలో వేసి, మళ్లీ బావిలోకి దించాడు. ఎండలో మోసుకొచ్చిన పిల్లలు, కుండ వేడికే చచ్చి ఉంటాయని తనకు తానే చెప్పుకున్నాడు. చెల్లెలి కష్టం చూడలేక చేశానని కూడా చెప్పుకున్నాడు. అందులో సగమే నిజం. మిగతా సగం తిన్న పొట్టేలు, జారిన నోరు. పెద్దలొచ్చారు. ఏడూ కదిలాయి. దోసిలి తాగాడు.

ఆ ఏడే గోపమ్మకు అలివేలు పుట్టింది. పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చేసరికి పసుపు చారలతో వచ్చాయి. తర్వాత కాళ్లు మోకాళ్ల దగ్గర వంగడం మొదలుపెట్టాయి. ఒక్క అలివేలుకే కాదు, గూడెంలో ఆ ఈడు పిల్లలందరికీ అంతే. మొక్కులు మొక్కారు, తాయెత్తులు కట్టారు. నీళ్లను మాత్రం ఎవరూ అనుమానించలేదు. మల్సూర్ చేపలు ఒప్పుకున్న నీళ్లాయె. అవి బావిలో మూరెడు పొడుగు పెరిగి తిరుగుతుంటే, వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయేవారు.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఎండాకాలం హైదరాబాదు నుంచి ఒక డాక్టరు వచ్చి నీళ్లు సీసాల్లో పట్టుకుపోయాడు. నెల తర్వాత మళ్లీ వచ్చి, నీళ్లలో ఫ్లోరైడనే ఉప్పు ఉందని, అది ఎముకల్లో చేరి గట్టిపడి మనిషిని వంచేస్తుందని చెప్పాడు. మరి చేపలు బతికాయి కదా అని ఊరు ఎదురుతిరిగింది. డాక్టరు మల్సూర్‌ను పిలిపించి ఒక చేపను పట్టించాడు. కోసి వెన్నుముల్లు బయటికి తీస్తే అది గుంటలు పడి, కణుపులు కట్టి ఉంది. నలభై ఏళ్లుగా చేపలు కోసిన మల్సూర్ అట్లాంటి ముల్లును ఎన్నడూ చూడలేదు. ఆ ఉప్పు చేప ముళ్లలోకీ చేరుతుందని, చంపేంత కాదు గనుక చేప బతికే ఉంటుందని డాక్టరు వివరించాడు.

"చావడం, బతకడం చూసి ఈ విషాన్ని కనిపెట్టలేం. నీ తప్పేం లేదు పెద్దాయనా," అన్నాడు.

ఊరు కూడా అదే మాట అంది. ఆ ఓదార్పుకు మల్సూర్ తల భూమిలోకి దిగిపోయింది. చేపలకు తెలియకపోవచ్చు. ఆ మూడూ ఎండకే చచ్చి ఉండొచ్చు. కానీ ఆనాడు అతను ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే ఈ బావిలో ఒక్క కడవ కూడా మునిగేది కాదు. ఒక్క గోపమ్మకైనా చెప్పకపోతే ఇక ఆ గడప తొక్కలేననుకున్నాడు.

ఆమె వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఎదురుగా కూలబడ్డాడు.

"గోపమ్మా, ఆనాడు మూడు సచ్చినయ్. నేను మార్చిన," అన్నాడు.

ఆమె తల ఎత్తలేదు.

"తెలుసన్నా."

"ఎట్ల తెలుసు?"

"నీకు సద్ది తెస్తుంటి. కంపల ఏసుడు సూసిన. పెద్దలొస్తుండ్రని నేనే పోయి మన్ను కప్పిన." గింజను పక్కన పడేసి మళ్లీ అంది. "నువ్వు వద్దంటే మల్ల రెండు కోసులు నేనే మొయ్యాలె గదా. నోరు మూసుకున్న."

లోపలి నుంచి అలివేలు మేనమామ కోసం చెంబుతో ఆ బావి నీళ్లే తెచ్చింది. వంకర కాళ్లతో, తొణక్కుండా, ఒక్కో అడుగూ చూసుకుంటూ వచ్చింది.

"తాగు మామా," అంది.

మల్సూర్ చెల్లెలి వైపు చూశాడు. ఆమె చింతపండులోకి చూస్తోంది. పిల్ల చెంబు పట్టుకుని అట్లాగే నిలబడింది. ఇద్దరిలో ఎవరూ చేయి చాచలేదు.