చిన్నమ్మ జీపు ఎందుకు బిగుసుకుంది

నా చిన్నప్పుడు మా ఊర్ల కోపం మగవాళ్లకే చెల్లేది. పటేలుకు కోపమొస్తే పంచాయితీ అయ్యేది. మా నాయినకు కోపమొస్తే కంచం ఎగిరి వాకిట్ల పడేది. అదే కోపం ఆడమనిషికి వస్తే నోరు ఎక్కువైందనేవాళ్లు. మా అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ, ఆ మాటకు భయపడిన మనిషి కాదు. కోపాన్ని ఎట్ల వాడుకోవాల్నో నేను ఆమె దగ్గరే నేర్చుకున్న.

అమ్రాబాద్ దిక్కు, అడవిని ఆనుకొని ఉండే ఊరు మాది. మా వాడల సగం ఇండ్లవాళ్లు చర్చికి పోయేవాళ్లు. ఆ చర్చివాళ్లు నడిపే చిన్న దవాఖానల చిన్నమ్మ నర్సు. దవాఖానకు ఒక పాత జీపు ఉండె. అంతకుముందున్న డాక్టరమ్మ ఊరు విడిచిపోతూ చిన్నమ్మకు డ్రైవింగ్ నేర్పి, తాళంచెవి ఆమె చేతుల పెట్టి పోయింది. వానకాలం వాగులు దాటుకుంట, అడవిల పెంటలకు, అంటే చెంచుల గూడేలకు, పోయి, కాన్పు కష్టమైన ఆడవాళ్లను ఆ జీపులనే అచ్చంపేట పెద్దదవాఖానకు చేర్చేది. మా వాడ ఆడమనిషి స్టీరింగ్ పట్టుకొని పటేలింటి ముందటినుంచి పోవుడు కొందరికి కంట్ల నలుసైంది.

ఆ జీపుల గేరు రాడ్డు పక్కన ఇంకో పొట్టి రాడ్డు ఉండేది. మామూలుగ ఇంజను బలం వెనక చక్రాలకే పోతది. ఆ పొట్టి రాడ్డు వేస్తే ముందు చక్రాలకు కూడ పోయి, నాలుగూ కలిసి బండిని బురదల నుంచి గుంజుతయి. దాన్ని ఫోర్‌వీల్ అనేది చిన్నమ్మ. బురద దాటి డాంబరు రోడ్డు ఎక్కంగనే రాడ్డును మళ్ల తీసేసేది. పక్కన కూసొని నేను రోజూ చూసేదాన్ని గని, ఎందుకని ఎన్నడూ అడగలే.

ఆ ఏడు పటేలింట్ల పెండ్లి అయింది. చిన్నమ్మ సూదులు వేసేందుకు జీపు పోని పెంటలకు నడిచిపోయిన రోజు చూసి, పటేలు పెద్దకొడుకు దవాఖానకు వచ్చి జీపు తీసుకపోయిండు. అడిగిండు అనలేం. అక్కడున్న కాంపౌండర్ చేతులనుంచి తాళం గుంజుకున్నడు. వాగు దగ్గర ఫోర్‌వీల్ వేసి దాటిచ్చిండు. దాటినంక రాడ్డు తియ్యలే. అట్లనే డాంబరు రోడ్డెక్కి, పెండ్లి ఊరేగింపుల బండిని గిర్రున మలుపబోయిండు. స్టీరింగ్ బిగుసుకుంది. వెనుకనుంచి ఎవరో పట్టుకున్నట్టు జీపు ఎగిరెగిరి ఆగింది. ఆయన ఇంక గట్టిగ తొక్కిండు. జీపు కడుపుల ఏదో టక్కుమని విరిగింది. ఎడ్లను కట్టి గుంజుకొచ్చి, దవాఖాన ముందట పడేసి పోయిండ్రు.

తెల్లారేసరికి ఊరంతా ఒకటే మాట. ఆడమనిషి నడిపి నడిపి బండిని పాడు చేసిందట. పెద్దకొడుకు ఎక్కేసరికే అది సగం చచ్చి ఉండెనట.

జీపు అట్ల పడి ఉండంగనే మా అమ్మకు నెలలు నిండకముందే నొప్పులు వచ్చినయి. ఎడ్లబండి కట్టిండ్రు. వాగుల ఎడ్లు దిగమని మొరాయించినయి. అచ్చంపేట చేరేసరికి పొద్దుగూకింది. అమ్మ బతికింది. తమ్ముడు బతకలే. వాని మొఖం కూడ నాకు చూపెట్టలే. జీపు ఉంటే బతికెటోడా అంటే ఖాయంగ ఎవరూ చెప్పలేరు, చిన్నమ్మ కూడ చెప్పలే. కాని ఆ మాట మమ్మల్ని మేమే అడుగుకునే బాధ మాకు మిగిలింది, పటేలింటికి పెండ్లి విందు మిగిలింది. ఇప్పుడు తలుసుకున్నా నా పండ్లు కొరుక్కుంట.

తర్వాత అచ్చంపేట నుంచి మెకానిక్ వచ్చి విరిగింది మార్చిండు. జీపు లేచిందని తెల్వంగనే పటేలు బడి ముందటి జాగల ఊరోళ్లను పిలిపిచ్చిండు. ఇక తాళం పటేలింట్ల ఉండాలె, వాళ్ల మనిషే నడపాలె, అదీ మాట. చిన్నమ్మ నన్ను పక్కన కూసోపెట్టుకొని జీపుతోనే ఆడికి పోయింది. తిడుతది, వాళ్ల మొఖం మీదనే శాపనార్థాలు పెడుతది అని నాకు గట్టి ఆశ. ఆమె తిట్టలే. ఆ మెత్తటి దుబ్బమట్టిల జీపును మెల్లగ, స్టీరింగ్ మొత్తం తిప్పి, ఒక చుట్టు తిప్పి దిగింది.

"పటేలా, జర జాడలు చూడుండ్రి. ముందు చక్రం ఏడికెళ్లి పోయింది, వెనక చక్రం ఏడికెళ్లి పోయింది?"

పటేలు వంగి చూసిండు. ముందు చక్రం జాడ బయటికి ఉంది. వెనక చక్రం లోపలి నుంచి అడ్డం కోసుకపోయింది. అది చిన్న పిల్లలకు కూడ కనబడుతాంది.

"ముందుది పెద్ద చుట్టు, వెనకది చిన్న చుట్టు. ఫోర్‌వీల్ వేస్తే రెండింటినీ కలిపి కట్టేసినట్టు. రెండూ ఒక్కతీరుగ తిరగాలె. ఎట్లుంటదో మీ తండ్రికొడుకులు నడిచి చూడుండ్రి."

పెద్దకొడుకు నవ్విండు. పటేలు నవ్వలే. ఆయన మొండిమనిషే గని, కండ్ల ముందర ఉన్నదాన్ని లేదనే మనిషి కాదు. తన భుజం మీది తువ్వాల తీసి, కొడుకు చేతికి ఒక కొస, తన చేతికి ఒక కొస చుట్టుకున్నడు. తండ్రి లోపలి జాడల, కొడుకు బయటి జాడల, అడుగుకు అడుగు కలిపి నడిచిండ్రు. కొంచెం పోంగనే కొడుకు వెనకబడ్డడు, తువ్వాల బిగుసుకుంది. అందుకోవాలని కాలు బార్లా చాపిండు.

"అడుగు చాపద్దు," అన్నది చిన్నమ్మ. "చక్రానికి కాళ్లు చాపుడు రాదు."

మళ్ల ఒక్కతీరు అడుగులు వేసిండ్రు. తండ్రి గుంజుకపోతుంటే కొడుకు తూలి ఆయన మీదనే పడ్డడు. 

"బురదల అయితే చక్రం జారుతది, జారి సర్దుకుంటది. డాంబరు రోడ్డు జారనియ్యది. అప్పుడు ఆ గుంజులాట అంత నడుమనున్న ఇనుము మీద పడుతది. అది మెలి తిరిగితేనే స్టీరింగ్ బిగుసుకుంటది. జీపు ఆగమని చెప్పినట్టే అది. ఆగి, సక్కగ కొంచెం వెనకకు పోనిచ్చి, రాడ్డు తీస్తే అయిపోయేది. నీ కొడుకు ఇంక తొక్కిండు." ఆమె జీపు నుంచి తాళంచెవి తీసి పిడికిట్ల పట్టుకుంది. "మా అక్క కొడుకు మట్టిల ఉన్నడు పటేలా. తాళం నా దగ్గరనే ఉంటది."

ఎవరి సమ్మతి కోసం చూడకుండ జీపెక్కింది. పటేలు తువ్వాల విప్పుకుంట తల ఊపినట్టే అనిపిచ్చింది. తాళం మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలే. పెద్దకొడుకు మాత్రం సచ్చేదాంక తప్పయిందన్న ఒక్క మాట అనలే. మా అమ్మ ఎదురైతే తల తిప్పుకొని పోయేటోడు.

 ఇంటికొస్తుంటే ఎందుకు తిట్టలేదని చిన్నమ్మను ఏడ్సుకుంటనే అడిగిన.

"తిడితే వాళ్లు ఇంటికి పోయి నా తిట్ల గురించే మాట్లాడుకునెటోళ్లు," అన్నది. "ఇప్పుడు వాడు చేసిన పని గురించి మాట్లాడుకోవాలె."

ఇప్పుడు నాకు అరవై దాటినయి. తెలంగాణ వచ్చినంక మా వాడల సిమెంటు రోడ్డు పడ్డది, ఫోను చేస్తే అంబులెన్సు ఇంటి ముందటికి వస్తది. నా మనవరాలు ఫోర్‌వీల్ బండి నడుపుకుంట పెంటల నుంచి చింతపండు, తేనె తెస్తది. ఈ సంగతి చెప్తే, "ఇప్పుడు కొన్ని బండ్లల ముందు వెనక చక్రాలు వేరువేరుగ తిరిగేటట్టు నడుమ ఒక పెట్టె ఉంటదవ్వా, నా బండిల లేదు, నేను కూడ రోడ్డెక్కంగనే తీస్త," అన్నది.

ఆ కోపం నాకింకా పోలే. పోవాలని కూడ అనుకోను. ఒకరు చేసిన తప్పును ఇంకొకరి నెత్తిన, అందులో నోరులేని ఆడమనిషి నెత్తిన రుద్దుడు ఎక్కడ చూసినా, మహిళా సంఘం మీటింగుల గాని, చుట్టాలింట్ల గాని, నా ఒళ్లు మండుతది. కాని అరవను. లేచి నిలబడి, "రాండ్రి, అసలు ఎట్లయిందో అందరం చూద్దం," అంట.  చూపిచ్చేదాంక కూసోను.