చాక్‌పీసు సంతకం

మా ఆయన ముప్పయ్యేళ్లు బొగ్గుబాయిలో సర్దారు. షిఫ్టు మొదలయ్యే ముందు తానే ముందుగా లోపలికి వెళ్లి, కర్రతో పైకప్పు తట్టి చూసేవాడు. చప్పుడు గట్టిగా ఉంటే అక్కడ చాక్‌పీసుతో తేదీ వేసి, పొట్టి సంతకం పెట్టేవాడు. అది చూశాకే మిగతావాళ్లు పనిలోకి దిగేవాళ్లు. డొల్లగా మోగిందంటే అందరినీ వెనక్కి పంపడమే.

రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. గోదావరిఖనిలోనే బ్యాంకు వేలానికి పెట్టిన ఇల్లొకటి నా మనసుకు పట్టింది. పొద్దుటి ఎండ వంటింటి కిటికీలోంచి నేరుగా పొయ్యి గట్టు మీద పడుతుంది. కానీ మూడేళ్లుగా తాళం. కొన్నాక గోడలో పైపు పగిలి ఉందని తెలిస్తే అడగడానికి ఎవరూ ఉండరు. ఉన్నదంతా దాని మీదే పెడుతున్నాం. నాకు ఆశ, ఆయనకు అనుమానం.

చూసుకోమని బ్యాంకువాళ్లు ఒక పూట తాళం తీశారు. ఆయన చేతిలో కర్ర, జేబులో చాక్‌పీసు. పక్కింటావిడను బతిమాలి, వాళ్ల పైపుతో మేడ మీది సిమెంటు ట్యాంకు సగం నింపాం. నల్లాలన్నీ బంద్ చేసి, నీళ్లు ఉన్న మట్టానికి ట్యాంకు లోపలి గోడ మీద ఆయన చాక్‌పీసుతో గీత గీశాడు. తర్వాత గది గదికీ గోడలు తట్టుకుంటూ వచ్చాడు. బాత్రూం గోడ డొల్లగా మోగింది. మోగీ మోగగానే నా రెక్క పట్టి వరండాలోకి లాగేశాడు.

"ఇది బాయి గాదు, బాత్రూం" అన్నాను.

ఆయనా నవ్వాడు గానీ, మళ్లీ లోపలికి పోవడానికి కాసేపు పట్టింది. గంటన్నర తర్వాత చూస్తే నీళ్లు గీతకు నాలుగు వేళ్లు కిందికి దిగాయి. నా ప్రాణం ఉసూరుమంది. ఆయన బాత్రూంకు పోయే వాల్వు కట్టేసి, కొత్త గీత గీసి, మళ్లీ కూర్చున్నాడు. ఈసారి నీళ్లు కదల్లేదు. రోగం ఆ ఒక్క గోడదే. లోపలి పైపు వదిలేసి, బయటినుంచి కొత్తది వేసుకుంటే సరిపోతుంది.

అయినా ఆయన నోట అవునన్న మాట రాలేదు. నాకు చిరాకెత్తి, కొందామా వద్దా తేల్చమన్నాను. ఆయన వంటింట్లోకి వెళ్లి, పొయ్యి గట్టు పై గోడను మరోసారి తట్టి, తేదీ వేసి, సంతకం పెట్టాడు.

"ఇగ నువ్వు పని జేసుకోవచ్చు" అన్నాడు.

ఆ ఇంట్లోకి వచ్చి ఏడాది దాటింది. రంగులు వేసేవాళ్లను ఆ గోడ మాత్రం ముట్టుకోనివ్వలేదు. ఆ సంతకాన్ని నమ్మి బాయిలో ఎంతమంది పని చేశారో నాకు తెలియదు. ఇప్పుడు రోజూ దాని కిందే చాయ్ పెడుతున్నాను.