తొందరేమీ లేదన్నాను

కరోనా తగ్గిన తర్వాతి వేసవిలో, బాపట్ల నుంచి సూర్యలంక వెళ్ళే దారిలో నేను పనిచేస్తున్న రొయ్యల ఫ్యాక్టరీని వేరేవాళ్ళు కొనుక్కున్నారు. నేనక్కడ రిఫ్రిజిరేషన్ ఇన్‌చార్జిని. అంటే రొయ్యల్ని గడ్డకట్టించే యంత్రాలన్నీ నా బాధ్యత: కంప్రెసర్లు, కండెన్సర్లు, ఫ్రీజర్లు, ఐసు ప్లాంటు. నా పైన ప్లాంటు మేనేజరు, నా కింద షిఫ్టు ఇన్‌చార్జులు, ఆపరేటర్లు. కొత్త యాజమాన్యం తన మనుషుల్ని తానే తెచ్చుకుంది. మాకు రావలసింది మర్యాదగానే ఇచ్చి పంపించారు, ఆ మాట ఒప్పుకోవాలి. అప్పటికి నాకు యాభై నాలుగేళ్ళు.

ఉద్యోగం వెతుక్కోవడం నాకు తెలియదు. ఐటీఐ అయ్యాక రేపల్లెలో మా చర్చి పెద్దాయన ఒకరు చెబితే ఐసు ఫ్యాక్టరీలో చేరాను. ఆ తర్వాత ప్రతి ఉద్యోగమూ ఎవరో ఒకరు పిలిస్తే వచ్చిందే. "ఫలానా చోట మనిషి కావాలట, వస్తావా?" అని వాళ్ళనడం, "ఎందుకులెండి, ఇక్కడ బాగానే ఉందిగా" అని నేననడం, "అదేం కుదరదు, నువ్వు రావాల్సిందే" అని వాళ్ళు పట్టుబట్టడం, అప్పుడు నేను వెళ్ళడం. ముప్ఫై ఏళ్ళూ ఇదే పద్ధతి. ఎవరి గౌరవమూ పోలేదు.

మా పనిలో ఒక తేడా ఉంది. బయటివాళ్ళకు తెలియదు కాబట్టి చెబుతాను. నడుస్తున్న ప్లాంటును నడపడం వేరు, కొత్త ప్లాంటును మొదలుపెట్టడం వేరు. కొత్తదానికి పైపులన్నీ వెల్డింగు చేశాక నైట్రోజన్ నింపి లీకులు చూస్తారు. తర్వాత లోపలి గాలంతా లాగేసి, చల్లబరిచే వాయువు అమోనియాను మొదటిసారి ఎక్కిస్తారు. మేం దాన్ని గ్యాసు ఎక్కించడం అంటాం. ఆ వాల్వు తిప్పే హక్కు ఇన్‌చార్జిది. నేనేమో జన్మంతా ఎవరో మొదలుపెట్టినవాటినే నడిపాను. ఒక్క ప్లాంటుకైనా నా చేత్తో మొదటి గ్యాసు ఎక్కించాలని నాకు చాలా ఆశగా ఉండేది. ఇంట్లో సుగుణకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

తెనాలిలో మా చెల్లెలి కూతురు స్నేహ ఉంది. కంపెనీలకు మనుషుల్ని వెతికిపెట్టడమే దాని ఉద్యోగం, అదీ ఇంట్లో కూర్చునే. నేను ఖాళీగా ఉన్నానని తెలిసి బాపట్ల వచ్చి, ఉద్యోగస్తుల కోసం ఉన్న ఒక వెబ్‌సైట్లో నా పేరు పెట్టింది. ఇప్పుడు కంపెనీలు పేపర్లో ప్రకటన వేసి కూర్చోవట. తమకు కావలసిన మాటలు కొట్టి, ఆ మాటలు ఎవరి ప్రొఫైల్లో ఉన్నాయో వాళ్ళనే పిలుస్తాయట. అందుకని నేను తాకిన ప్రతి యంత్రం పేరూ రాయించింది. "సముద్రపు గాలికి తుప్పు పట్టిన కండెన్సరు బాగుచేశాం" అని నేను చెబితే, "చేశాం కాదు మావయ్యా, చేశాను అనాలి. ఉద్యోగం నీకా, మీ ఫ్యాక్టరీ మొత్తానికా?" అని కసిరింది. ఒక్కణ్ణే చేశానని రాయడానికి నాకు చచ్చేంత సిగ్గేసింది. ఆపరేటర్లు చూస్తే ఏమనుకుంటారు?

ఇంకొకటి పెట్టబోయింది. పని కోసం చూస్తున్నానని తెలిసేలా మన ఫోటో చుట్టూ ఒక ఆకుపచ్చ గీత వస్తుందట. అది మాత్రం ఛస్తే వద్దన్నాను. మెళ్ళో టులెట్ బోర్డు కట్టుకుని బజారులో తిరిగినట్టు ఏంటది! స్నేహ నవ్వి, "నీ ఇష్టం" అని వదిలేసింది.

కొన్నాళ్ళకు నిజంగానే ఒక సందేశం వచ్చింది. పంపినది హైదరాబాదులో స్నేహలాంటి పనే చేసే ఒక రిక్రూటరు అమ్మాయి. రేపల్లె దగ్గర కొత్తగా రొయ్యల ప్లాంటు కడుతున్నారు, గ్యాసు ఎక్కించే దశ నుంచి చూసుకునే ఇన్‌చార్జి కావాలి, మీకు ఆసక్తి ఉందా అని ఇంగ్లీషులో అడిగింది. రేపల్లె! నేను పుట్టిన ఊరు. మొదటి గ్యాసు! లేచి నిలబడి మళ్ళీ చదివాను.

తర్వాత కూర్చుని, పద్ధతి ప్రకారం జవాబు రాశాను. "మీరు నన్ను గుర్తించినందుకు ధన్యవాదాలు. దేవుని దయ వల్ల ప్రస్తుతం బాగానే ఉన్నాను. అంత తొందరేమీ లేదు."

వెంటనే బదులొచ్చింది. తెలియజేసినందుకు ధన్యవాదాలు, భవిష్యత్తులో అవకాశాలుంటే సంప్రదిస్తాం అని.

సుగుణకు చెప్పాను. "తొందరేమీ లేదన్నాను" అన్నాను, కాస్త గర్వంగానే. "మంచి పని చేశారు. అడగ్గానే ఎగబడితే చులకనైపోతాం. మళ్ళీ అడుగుతారులెండి" అంది. ఇద్దరం ఒకే నేల మీద పెరిగినవాళ్ళం. మాకిద్దరికీ అందులో తప్పేం కనిపించలేదు.

ఇక ఎదురుచూపు మొదలైంది. ఆదివారం ఆరాధనలో కూడా ఫోను చొక్కా జేబులో మోగేలాగే పెట్టుకున్నాను. ఏ మోతా లేదు. సాయంత్రాలు సూర్యలంక వైపు బండి వేసుకుని వెళ్ళేవాణ్ణి. దారిలో మా పాత ఫ్యాక్టరీ. గోడ అవతల కంప్రెసర్ల హోరు వినపడేది. ఏ మిషను నడుస్తోందో, దేనికి లోడు ఎక్కువైందో వింటే తెలిసిపోయేది. గేటు దగ్గర బండి ఆపి కాసేపు వినేవాణ్ణి. ఎవరైనా పలకరిస్తే ఫోను వచ్చి ఆగానని చెప్పేవాణ్ణి. ఆ హోరు లేకుండా ఇంట్లో నాకు నిద్ర కూడా సరిగా పట్టేది కాదు.

స్నేహకు విషయం తెలిసింది. ఫోనులో అరిచినంత పని చేసింది. "ఏంటి మావయ్యా ఇది! తొందరేం లేదని రాస్తావా? వాళ్ళు వద్దన్నావనే అర్థం చేసుకుంటారు. ఇదేమన్నా పెళ్ళి భోజనమా, వద్దు వద్దంటుంటే విస్తట్లో వెయ్యడానికి? వాళ్ళు ఒక్కసారే అడుగుతారు. అంతే!" తర్వాత తనే చెప్పి నాచేత రాయించింది: ఆసక్తి ఉంది, ఎప్పుడంటే అప్పుడు మాట్లాడగలను. ఆ రెండు వాక్యాలు పంపేసరికి నాకు చెమటలు పట్టాయి. దానికి జవాబు రాలేదు.

కొన్ని రోజులకు హైదరాబాదు నుంచి ఫోను. ఆ అమ్మాయే. మంచం మీద ఉన్నవాణ్ణి లేచి కూర్చున్నాను. సుగుణ పొయ్యి కట్టేసి వచ్చి నిలబడింది.

"సార్, నాగరాజు గారని మీ దగ్గర పనిచేశారు కదండి? ఆయన రిఫరెన్సుగా మీ పేరిచ్చారు. ఆయన గురించి రెండు మాటలు చెబుతారా?"

నాగరాజు సూర్యలంక పల్లెకారుల కుర్రాడు. వాళ్ళ నాన్న పడవ మీద వేటకెళ్ళేవాడు. ఆపరేటరుగా చేరి నా చేతికిందే షిఫ్ట్ ఇన్‌చార్జి అయ్యాడు. ఎక్కడికని అడిగాను, తెలిసీ. రేపల్లె ప్లాంటుకే.

ఆ అమ్మాయి మంచిది. దాచకుండా చెప్పింది. "నిజానికి ముందు మీ పేరే పంపుదామనుకున్నాను సార్. మీరు అవసరం లేదన్నారు. మీ రెండో మెసేజ్ వచ్చేసరికి లిస్టు వెళ్ళిపోయింది. ఇప్పుడు నాగరాజు గారిదే ఖాయమయ్యేలా ఉంది. ఈయన కుదరకపోతే మళ్ళీ మొదటి నుంచి వెతకాలి."

మళ్ళీ మొదటి నుంచి. అంటే నాకింకా దారి ఉన్నట్టే. మన వైపు ఒక మనిషిని చెడగొట్టాలంటే చెడ్డమాట చెప్పక్కర్లేదు. "మంచివాడేనండి, కానీ..." అని సాగదీసి వదిలేస్తే చాలు. సుగుణ నా మొహంలోకే చూస్తోంది. ఫోను అవతల ఆ అమ్మాయి ఆగి ఉంది. అబ్బ, ఎంత కావాలనిపించిందో ఆ ఉద్యోగం!

"రాసుకోమ్మా" అన్నాను. ఒకసారి మా ఫ్రీజరు గదిలో అమోనియా లీకైతే నాగరాజు ఏం చేశాడో చెప్పాను. ముందు వాల్వు కట్టేశాడు. తర్వాత బయట గాలి ఎటు వీస్తోందో చూశాడు. రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళు గేటు వైపు పరిగెడుతుంటే ఆపి, వెనక గోడ వైపు తీసుకుపోయాడు. గ్యాసు గేటు వైపే వెళ్ళింది. ఒక్కరికీ ఏమీ కాలేదు. "కొత్త ప్లాంటు మొదలుపెట్టడానికి అతను సరిపోతాడా?" అని అడిగింది. "సరిపోతాడు. నా ప్లాంటైతే అతని చేతికే ఇస్తాను" అన్నాను.

ఫోను పెట్టేశాక సుగుణ, "ఎంత బాగా చెప్పారండీ! ఇందులో సగం మీ గురించి చెప్పుకోలేకపోయారా?" అంది. దెప్పిపొడవడానికి కాదు, బాధ కొద్దీ అంది. నేను పెరట్లోకి వెళ్ళి చాలాసేపు అక్కడే ఉండిపోయాను. ఏడుపొచ్చింది, దాచడమెందుకు.

నాకు తెనాలి దగ్గర మిర్చి నిలవచేసే కోల్డ్ స్టోరేజీలో పని దొరికింది. అదీ స్నేహ చూసిందే. ఈసారి అడగ్గానే సరేనన్నాను. మంచి చోటే. పాత మిషన్లు, ఎవరో ఎప్పుడో మొదలుపెట్టినవి.

నేను అందులో చేరిన కొన్ని నెలలకు నాగరాజు ఫోను చేశాడు. "సార్, ఎల్లుండి గ్యాసు ఎక్కిస్తున్నామండి. మీరు రావాలి." నేనెందుకులే నాయనా, మీరు కానివ్వండి అన్న మాట గొంతు దాకా వచ్చింది. మింగేసి, "వస్తాను" అన్నాను.

"వస్తారా సార్?"

"వస్తానన్నాగా."

"అదేంటి సార్, ఒక్కసారికే! మీరు ఎలాగూ రానంటారని, బతిమాలడానికి మా ఆవిణ్ణి కూడా పక్కనే నిలబెట్టుకున్నాను."

వెళ్ళాను. మిషను గదిలో గుమ్మం దగ్గర నిలబడ్డాను. అక్కడ ఇన్‌చార్జి నాగరాజు, నేను చూడటానికి వచ్చినవాణ్ణి. నన్నొకసారి చూసి, వాల్వు తిప్పాడు. సరిగ్గా నేను తిప్పేటట్టే, నిదానంగా. తర్వాత కంప్రెసరు అందుకుంది. కొత్త మిషను హోరు అంత దగ్గరగా, మొదటి నిమిషం నుంచి వినడం నాకదే మొదటిసారి. కాసేపటికి కంప్రెసరుకు వచ్చే పైపు మీద సన్నగా తెల్లటి మంచు పట్టడం మొదలైంది. "చెయ్యి పెట్టి చూడండి సార్" అన్నాడు. పెట్టాను. బాగా చల్లబడింది. బాగుందని చెప్పాను. ఆ ఉద్యోగానికి నన్నే ముందు అడిగారని అతనికి ఇప్పటికీ తెలియదు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలు నన్ను సలహా అడుగుతుంటారు. నేను చెప్పేది ఒకటే. రిక్రూటరు మన మేనమామ కాదు. కావాలనుకున్నది అడిగినప్పుడు అవునని చెప్పండి, మొదటిసారికే. చేసిన పనిని చేశానని రాయండి.

నేను రిటైరయ్యాను. ఆ వెబ్‌సైట్లో నా పేరు ఇంకా ఉంది, తీసెయ్యలేదు. ఎప్పుడో ఒకసారి ఎవరో ఒకరు, ఫలానా చోట ప్లాంటు ఉంది, ఆసక్తి ఉందా అని అడుగుతారు. రిటైరయ్యానండి అని వెంటనే జవాబు రాస్తాను. రాశాక ఫోను కాసేపు చేతిలోనే ఉంచుకుంటాను, ఇంకోసారి అడుగుతారేమోనని.