సెలూన్ కుర్చీలో వైఫై కాల్

ఉద్యోగం కోసం కాకినాడ నుంచి అమీర్‌పేట వచ్చి, ఒక సెల్లారు హాస్టల్లో దిగాను. లోపల సిగ్నల్ లేదు, బయట ట్రాఫిక్ హోరు. ఇంటర్వ్యూ ఫోను వచ్చే వేళకి కంగారుగా పక్కనున్న సెలూన్లోకి దూరాను.

సెలూన్ నడిపే ఖాజా భాయ్ తన వైఫై కలిపిచ్చాడు. "ఫికర్ చెయ్యకు అన్నా, సిగ్నల్ లేకున్నా వైఫై మీద కాల్ మస్తు వస్తది. గని గీ కుర్చీలనే అందుతది, జర కూసో" అన్నాడు. కూర్చున్నవాణ్ణి ఊరికే వదలడం ఇష్టంలేక గడ్డానికి నురగ పూసేశాడు.

ఫోను మోగింది. ఎవరో టీవీ ఆపారు. వెనక వంతు కోసం కూర్చున్న వాళ్లంతా ఊపిరి బిగబట్టి విన్నారు. నేను కత్తి కింద దవడ కదపకుండా నా అనుభవమంతా చెప్పుకొచ్చాను. అంతలో భాయ్ గట్టిగా, "మీసం ఉంచాల్నా, తీసెయ్యాల్నా?" అనడిగాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఉంచమనండి" అన్నారు అవతల ఇంటర్వ్యూ చేస్తున్న మేడమ్ గారు. "సోమవారం ఆఫీసుకి రండి. చూసి చెప్తాం."