ఎర్రరాళ్ల గడియారం

నా చిన్నప్పుడు ఎల్లారెడ్డి బజారులో మా తాతయ్యకు గడియారాలు బాగుచేసే దుకాణం ఉండేది. కామారెడ్డి స్టేషన్‌లో పనిచేసే రైల్వేవాళ్లు తమ పాత అమెరికా జేబు గడియారాలు ఆయన దగ్గరికే తెచ్చేవారు. బడి లేనప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వాటి రకాలు చెప్పేవాడు. ఒకే కంపెనీ, ఒకే డబ్బీ, ఒకే ముఖం. పక్కపక్కన పెడితే ఏది మేలుదో, ఏది నాసిదో తెలిసేది కాదు. వెనుక మూత తిప్పి తీస్తేనే తేడా. నాసిరకంలో చక్రాల ఇరుసులు వట్టి ఇత్తడి రంధ్రాల్లో తిరుగుతాయి. మేలురకంలో ఆ రంధ్రాల చుట్టూ దానిమ్మ గింజల్లాంటి ఎర్రరాళ్లు ఉంటాయి. అలాంటి మేలురకం గడియారం ఒకటి ఆయన మా చిన్నాయనకు పెళ్లిలో పెట్టాడు.

పెళ్లయిన మరుసటి ఏడు చిన్నాయన పనికోసం బొంబాయి పోయాడు. మొదట్లో కబుర్లు వచ్చేవి, తర్వాత ఆగిపోయాయి. చాలాకాలానికి, ఆయనతో పనిచేసిన దోమకొండ మనిషి ఒకడు మా ఇంటికి వచ్చి తాతయ్య చేతిలో ఒక గడియారం పెట్టాడు. సముద్రంలో పడవ మునిగిందని, గుర్తుపట్టరాని ఒక శవం జేబులో అది దొరికిందని, పోలీసులను బతిమాలి తెచ్చానని చెప్పాడు.

సంగతి తెలిసి చిన్నమ్మ అన్నలు రామారెడ్డి నుంచి వచ్చి కూర్చున్నారు. మా వాళ్లలో మారుమనువు ఉంది. విషయం తేలితే చెల్లెను తీసుకుపోయి మరో ఇంట ఇవ్వాలని వాళ్ల ఆలోచన. చిన్నమ్మకు అప్పటికి ఇరవై ఏళ్లు కూడా లేవు.

తాతయ్య కిటికీ దగ్గర కూర్చుని, కంటికి అద్దం పెట్టుకుని మూత తీశాడు. నేను ఆయన భుజం మీదుగా చూశాను. ఎర్రరాళ్లు మెరిశాయి. బాగుచేసిన ప్రతిసారీ ఆయన మూత లోపల సూదితో గీసే గుర్తు కూడా కనిపించింది.

ఆయన మూత బిగించి, "మనోనిది గాదు బిడ్డా. దీంట్ల రాళ్లు లెవ్వు. తక్కువ రకం," అన్నాడు.

"నిజమేనా మామా?" అంది చిన్నమ్మ.

"నేను పెట్టిన గడియారం నాకు తెల్వదా?"

ఆమె పుస్తెను కళ్లకద్దుకుంది. అన్నలు లేచి వెళ్లిపోయారు. కొడుకుదని దగ్గర ఉంచుకునే దారి కూడా లేక, తాతయ్య ఆ గడియారాన్ని గుడ్డతో తుడిచి ఆ మనిషికే తిరిగి ఇచ్చేశాడు. నేను ఏదో అనబోతే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

అది కోడలి మీద జాలో, కొడుకు పోయాడన్న మాట నోటితో అనలేకపోవడమో నాకు అప్పుడు తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. అన్నలు మళ్లీ వచ్చి పిలిచినా చిన్నమ్మ కదల్లేదు. "వస్తడు, మామ చెప్పిండు గద," అనేది. అలా అంటూండగానే జుట్టు నెరిసింది. తాతయ్య పోయాక కూడా అదే మాట. ఆ రోజు గడియారం చూసిన నన్ను ఆమె ఎప్పుడూ ఏమీ అడగలేదు. మొగుడికోసం ఏడవడానికి ఆమెకు ఒక రోజంటూ దొరకలేదు. బొట్టుతోనే పోయింది.

పోయిన ఏడు కామారెడ్డి ఆసుపత్రిలో డాక్టరు నన్ను బయటికి పిలిచి మా ఆయన ఇక బతకడని చెప్పాడు. లోపలికి వెళ్లగానే ఆయన "ఏమన్నడు?" అని అడిగాడు. తగ్గిపోతుందట అనే మాట నోటిదాకా వచ్చింది. చిన్నమ్మ గుర్తొచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత ఉన్న కొద్ది రోజులూ నాతో పెద్దగా మాట్లాడలేదు. నేను చేసింది మేలో కాదో చెప్పేవాళ్లు ఎవరూ లేరు. అడిగినవాళ్లకు అబద్ధం చెప్పడం మాత్రం నా చేత కాదు.