పసుపు పూసిన ఇంగ్లీషు నవల

2023, దసరా వెళ్ళిన వారం. సింగపూర్‌లో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో కన్జర్వేటర్‌ని నేను. అంటే పాత పుస్తకాలకు వైద్యం చేసేదాన్ని. ఆ సోమవారం శ్రీకర్ నా బల్లమీద పెట్టిన పుస్తకం చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

శ్రీకర్ వరంగల్ నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థి. విక్టోరియా రాణి కాలంనాటి ఒక నవలా రచయిత్రి మీద థీసిస్ రాస్తున్నాడు. భర్త మంచాన పడితే, ఆరుగురు పిల్లల్ని పోషించడానికి మగపేరు పెట్టుకుని నెలనెలా పత్రికలకు సీరియళ్ళు రాసిందట ఆవిడ. ఆవిడ ఆఖరి నవలను ఇంగ్లండు నుంచి అరువు తెప్పించి, మమ్మల్ని బతిమాలి, జురాంగ్ వెస్ట్‌లో తన ఫ్లాట్‌కి తీసుకెళ్ళాడు. తిరిగొచ్చేసరికి మొదటి పేజీ నాలుగు మూలలా పసుపు!

"ఏం పని నాయనా ఇది?"

"పూజల పెట్టిన అక్కా. పుస్తకమంటే సరస్వతే కద! పాపం, ఆమె బతికినన్ని రోజులు సొంత పేరు గూడ అచ్చు కాలే. నేనన్న ఇంత పసుపు పెట్టకపోతె ఎట్ల?"

"నీ భక్తి తగలెయ్య! ఇది పోయే మచ్చ కాదు. కండిషన్ రిపోర్టులో రాశానంటే పుస్తకం వెంటనే వెనక్కి పంపమంటారు."

పుస్తకం ఏ స్థితిలో ఉందో రాసేదే కండిషన్ రిపోర్టు. శ్రీకర్ ముఖం పాలిపోయింది. "ఇంక సగం చదవలేదక్కా. డిసెంబర్‌ల థీసిస్ ఇయ్యాలె."

సణుక్కుంటూనే పనిలోకి దిగాను. పాత కాగితంలోని ఆమ్లాన్ని విరిచే సున్నపు ద్రావణం మా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. మచ్చ కాస్తయినా పలచబడుతుందేమోనని, అలవాటు కొద్దీ ఒక మూల అద్దాను. పసుపు కాస్తా ఎర్రబడింది! పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని పెళ్ళిళ్ళు చూసిన చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎన్ని పెళ్ళిళ్ళలో నా చేత్తోనే కలిపానో! నా ఇరవై ఏళ్ళ అనుభవం గంగలో కలిసింది.

"పుస్తకం పెళ్ళికూతురైందక్కా," అన్నాడు శ్రీకర్, భయంభయంగా.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దాచడానికి మనసొప్పక ఉన్నదున్నట్టు రిపోర్టు రాశాను: నాలుగు మూలల పసుపు పాఠకుడిది, అందులో ఒకటి ఎర్రబడటం నా నిర్వాకం.

వారానికి ఇంగ్లండు లైబ్రరీ నుంచి జవాబొచ్చింది. దాచకుండా చెప్పాం గనుక పుస్తకం ఉంచుకోవచ్చు, కానీ నా కళ్ళెదుటే చదవాలి. నెల రోజులు నా బల్ల పక్కనే కూర్చుని పూర్తిచేశాడు. థీసిస్ కూడా ఇచ్చేశాడు.

చివరిరోజు నేను పుస్తకం ప్యాక్ చేస్తుంటే కళ్ళకద్దుకోబోయాడు.

"చేతులు కడుక్కున్నావా?" అని కసిరాను.

"కడుక్కున్న. మరి మీరో అక్కా?"

అప్పటినుంచి ఎవరినైనా కసిరేముందు నా చేతులు చూసుకుంటున్నాను.