శామీర్‌పేట దారిలో మామయ్య వల తెగిన ఆదివారం

మేడ్చల్ వచ్చి మాకు నాలుగేళ్లు. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు మాది. మా ఆయన ఇక్కడ ఒక గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతారు, నేను మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తాను. మా వైపు నుంచి పనికి వచ్చిన కుటుంబాలు ఈ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. ఆదివారం వస్తే ఎక్కడికి వెళ్లాలో తెలియక టీవీ ముందు కూర్చుంటారు. వాళ్ల కోసమే ఈ రాతలు మొదలుపెట్టాను. కీసర గుట్ట ఎక్కడం, దుండిగల్ వైపు వెళ్లి విమానాలు చూడడం, అవన్నీ నవ్వుకుంటూ రాసినవి. ఇది అలా రాయలేకపోతున్నాను. దారి చెబుతాను, ఛార్జీలు చెబుతాను, నేను చేసిన తప్పు కూడా చెబుతాను. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి.

ఈ ప్రయాణానికి కారణం మా మామయ్య. అరవై ఎనిమిదేళ్ల మనిషి, యాభై ఏళ్లు సముద్రం మీద తిరిగినవారు. అత్తయ్య పోయాక నిరుడు మా దగ్గరికి తెచ్చుకున్నాం. వచ్చేటప్పుడు నాలుగు జతల బట్టలూ ఒక విసురు వలా తెచ్చుకున్నారు. ఆ వల ఆయన సొంతంగా అల్లుకున్నది, అంచు చుట్టూ సీసపు గుండ్లు కుట్టి ఉంటాయి. ఇక్కడ దాంతో ఏం పని? రోజూ మేడ మీద పరిచి, చిరుగు లేకపోయినా చిరుగు వెతుక్కునేవారు. మా అమ్మాయి ధరణి ఆరో తరగతి. మా తాత వల విసిరితే గొడుగులా విచ్చుకుంటుందని స్కూల్లో చెబితే ఒక్కరూ నమ్మలేదట. ఇంటికొచ్చి ముఖం ముడుచుకుని కూర్చుంది. అది చూసి నాకో ఆలోచన వచ్చింది. ఆదివారం ముగ్గురం శామీర్‌పేట చెరువుకు వెళదాం, వల కూడా తీసుకెళదాం, తాత విసురుతుంటే నేను వీడియో తీస్తాను, స్కూల్లో చూపిద్దువు గానీ అన్నాను. మా ఆయనకు ఆ రోజు డ్యూటీ ఉంది కాబట్టి రాలేదు. వచ్చి ఉంటే నన్ను ఆపేవారేమో తెలియదు.

కార్తీక మాసం, పొద్దున్నే చలిగా ఉంది. ఏడున్నరకు మేడ్చల్ బస్టాండు దగ్గరికి చేరాం. శామీర్‌పేట వైపు నేరుగా వెళ్లే బస్సు కోసం నలభై నిమిషాలు చూసి, ఇక లాభం లేదని షేర్ ఆటో ఎక్కాం. మనిషికి యాభై రూపాయలు, ఎక్కే ముందే అడగండి. బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు కదా అనుకుంటారేమో, ఆధార్‌లో తెలంగాణ చిరునామా ఉండాలి. నాదింకా ఊరి చిరునామాతోనే ఉంది, నాలుగేళ్లుగా మార్చుకుందాం అనుకుంటూనే ఉన్నాను. దారి పొడవునా ప్లాట్ల బోర్డులే. నిరుడు మేము ఇటు వచ్చినప్పుడు మొక్కజొన్న చేలు ఉన్న చోట ఇప్పుడు రాళ్లు పాతి ఉన్నాయి. ఆటో డ్రైవర్ మాత్రం అదేమీ వింత కాదన్నట్టు ఒక్కో స్థలం గజం ఎంత పలుకుతోందో చెబుతూ నడిపాడు. మామయ్య వల మూట ఒళ్లో పెట్టుకుని ఆ రాళ్లకేసి చూస్తూ కూర్చున్నారు.

శామీర్‌పేటలో రోడ్డు పక్కన ఇడ్లీ తిన్నాం, ప్లేటు నలభై. పది గంటలకల్లా చెరువు కట్ట మీద జనమే జనం. కార్లు, పిల్లలు, సెల్ఫీలు. నీళ్లలోకి దిగొద్దని బోర్డు కూడా ఉంది. మామయ్య నీళ్లకేసి చాలాసేపు చూసి, ఇంత నీరుండి కెరటం లేదేటి అని మెల్లగా గొణుక్కున్నారు. ఆయన ముఖంలో ఆ పూట వచ్చిన వెలుగు నేను ఏడాదిగా చూడలేదు. ఇంత దూరం వచ్చి వల విప్పకుండా వెనక్కి వెళ్లడం నాకు నచ్చలేదు. టీ కొట్టు ఆవిడను అడిగితే, లోపలికి నాలుగైదు కిలోమీటర్లు పోతే ఇంకో చెరువుంది, అక్కడ ఎవరూ ఉండరు అని చెప్పింది. నూటయాభైకి ఆటో మాట్లాడుకుని అక్కడికి వెళ్లాం. ఆ ఊరి పేరు మాత్రం రాయను.

నిజంగానే ఎవరూ లేరు. నాలుగు గేదెలు, తుమ్మచెట్లు, నిండుగా నీళ్లు. మామయ్య పంచె ఎగ్గట్టి, వల భుజాన వేసుకుని, మోకాలి లోతు దాకా దిగి ఆగారు. వెనక్కి తిరిగి, "ఎవుల్నైనా అడిగి దిగాలేమోనమ్మా" అన్నారు. నేను నవ్వేశాను. ఎవరిని అడుగుతాం మామయ్యా, చెరువు ప్రభుత్వానిది, నీళ్లు వానవి, మీరు వేయండి అన్నాను. మా ఊళ్లో సముద్రాన్ని ఎవరు అడిగారు గనక? నీళ్లలో ఉన్న చేప ఎవరిదీ కాదు, వలలో పడితేనే అది ఒకరిది. నేను పుట్టి పెరిగిన లెక్క అది, ఇంకో లెక్క ఉంటుందని నాకెప్పుడూ తట్టలేదు.

ఆయన నడుము తిప్పి విసిరారు. వల గాల్లో పూర్తిగా విచ్చుకుని నీళ్ల మీద గుండ్రంగా పడింది. ధరణి ఎగిరి గంతేసింది. లాగి చూస్తే వలనిండా అరచేయంత చేప పిల్లలు, బొచ్చెలూ రవ్వలూ, వెండి ముక్కల్లా కొట్టుకుంటున్నాయి. మామయ్య ముఖం మారింది. "ఇయి పిల్లలమ్మా. సాలు, ఒగ్గేద్దాం" అంటూ అన్నిటినీ తిరిగి నీళ్లలోకి వదిలేశారు. నాకేమో వీడియోలో ఎండ అడ్డొచ్చి ఆయన నల్లగా పడ్డారు. ఇంకొక్కసారి వేయండి మామయ్యా, సరిగ్గా రాలేదు, ఈసారి ఇటు తిరిగి వేయండి అని గట్టిగా అరిచాను. ఆయన ఒక్క క్షణం తటపటాయించారు. కోడలు అడిగింది కదా అని మళ్లీ విసిరారు.

రెండోసారి వల లాగుతుండగా కట్ట మీద నుంచి ముగ్గురు మగవాళ్లు పరుగున దిగారు. ముందున్న ఆయనకు యాభై దాటి ఉంటాయి, చేతిలో కర్ర. తర్వాత తెలిసింది, పేరు నర్సింలు, ఆ ఊరి చేపల సొసైటీకి పెద్ద. "పెద్దమనిషీ, వల గుంజు. ఎవల్ని అడిగి దిగినవ్?" అన్నాడు. వెనకున్న ఇద్దరిలో ఒకడు దొంగ అనే మాట వాడాడు. మామయ్యను ఆ మాట అన్నవాళ్లు మా ఊళ్లో పుట్టలేదు. ధరణి నా కొంగు పట్టుకుని బిగుసుకుపోయింది.

మమ్మల్ని కట్ట దగ్గరున్న రేకుల షెడ్డుకు తీసుకెళ్లారు. అక్కడ ఎవరూ తిట్టలేదు, చెయ్యి చేసుకోలేదు, కుర్చీ వేసి మామయ్యను కూర్చోమన్నారు కూడా. నర్సింలు మంచినీళ్లు ఇప్పించి, సంగతి వివరంగా చెప్పాడు. వానలు పడగానే సొసైటీ వాళ్లే చేప పిల్లల్ని చెరువులో వదులుతారట. ఎండాకాలం దాకా వంతులు వేసుకుని కావలి కాస్తారట. అప్పుడు అందరూ కలిసి పట్టి పంచుకుంటారు, అందులోనే వాళ్ల ఏడాది గడవాలి. "గిప్పుడు పడితె మా నోటికాడి బుక్క గుంజుకున్నట్టె" అన్నాడు. మామయ్య తెల్లబోయి విన్నారు. సేపల్ని కూడా గింజల్లా ఏస్తారేటి అని అడిగారు, అవునని వాళ్లు తలూపారు. యాభై ఏళ్లు చేపల మధ్య బతికిన మనిషికి ఆ సంగతి ఆ రోజే తెలిసింది. నాకూ అంతే. ఒకరి పంటలో దిగి మొలకలు పీకామన్నమాట, అదీ రెండుసార్లు.

అప్పుడు నర్సింలు మామయ్యను అడిగాడు. "ఎయ్యమని ఎవలన్న చెప్పిండ్రా, నువ్వే ఏసినవా?"

ఫోన్ ఇంకా నా చేతిలోనే ఉంది. నేనే చెప్పానని అనాలి. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. కానీ నన్నూ దొంగ అంటారేమో, పోలీసులంటారేమో, కంపెనీకి తెలుస్తుందేమో అని ఏవేవో వచ్చి పడ్డాయి. నోరు పెగల్లేదు. మామయ్య నా వైపు చూడనైనా చూడలేదు. "నానే ఏసినాను బాబూ. తప్పు నాదే" అన్నారు.

అడగకుండా వేసిన వలను కోసేయడం ఆ చెరువు మీద కట్టుబాటు. ఎవరైనా సరే, అయినవాళ్లయినా సరే. నర్సింలు కత్తి తెమ్మని చెప్పి, మామయ్యను చూసి కొంచెం ఇబ్బంది పడ్డాడు. మామయ్య చెయ్యి చాచి కత్తి ఇమ్మన్నారు. నేను కోసుకుంటాను అన్నారు. ఆయన నేల మీద కూర్చుని వల పరుచుకుని, ముందు గుండ్లున్న అంచు తాడు తెంపారు, తర్వాత నడిమి నుంచి కింది దాకా కోశారు. తొందర లేదు. మేడ మీద చిరుగులు వెతికిన వేళ్లే అవి. గీ కట్టుబాటు నీకెట్ల ఎరుక అని నర్సింలు అడిగాడు.

"మా ఊళ్లో పెద్దగా ఉన్నప్పుడు, సంద్రం మీద ఏటకెళ్లొద్దన్న రోజు ఎళ్లినోడి వల నానే కోసినాను" అన్నారు మామయ్య. "ఆ పొద్దు ఆడి మొఖం సూళ్లేదు."

ఇన్నేళ్లలో ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. సొసైటీ వాళ్లలో దొంగ అన్నతను తల దించుకుని బయటికి వెళ్లిపోయాడు. నర్సింలే తన బండి మీద ధరణినీ నన్నూ, ఇంకొకరి బండి మీద మామయ్యనూ ఎక్కించి శామీర్‌పేట రోడ్డు దాకా దింపాడు. ఆటోలో మేడ్చల్ వచ్చేసరికి మూడు దాటింది. ఆ రాత్రి ధరణి నిద్రపోయిందని చూసుకుని మామయ్య దగ్గర కూర్చున్నాను. వేయమన్నది నేను కదా, ఎందుకు చెప్పలేదు అని అడిగాను, ఏడుపు ఆగలేదు. "వల నా సేతిలో ఉందమ్మా, నీ సేతిలో లేదు" అని అటు తిరిగి పడుకున్నారు.

వారమంతా ప్యాకింగ్ బెల్టు దగ్గర నిలబడ్డా అదే కళ్ల ముందు. తర్వాతి ఆదివారం ఎవరికీ చెప్పకుండా ఒక్కదాన్నే మళ్లీ వెళ్లాను. షెడ్డు దగ్గర నర్సింలు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. అన్నా, ఆ రోజు వల వేయమన్నది నేను, మా మామయ్య వద్దన్నా నేను వినలేదు అని గబగబా చెప్పేశాను. ఆయన ఆశ్చర్యపోతాడనుకున్నాను. పోలేదు.

"నాకు గప్పుడే ఎరుక బిడ్డా" అన్నాడు. "కట్ట మీదికెల్లి చూసుకుంటనే వచ్చిన. ఇంకొక్కసారి ఎయ్యమని నువ్వు ఒర్లిన మాట ఇనవడ్డది. గందుకే అడిగిన, ఎవలన్న చెప్పిండ్రా అని. నువ్వు ఒక్క మాట చెప్తె, పెద్దమనిషి తప్పు కాదని వల ముట్టకపోతుంటి."

తిట్టినా బాగుండేది. బతకడానికి వచ్చిన చోట మనం అద్దె కడతాం, పని నేర్చుకుంటాం, బస్సుల దారి నేర్చుకుంటాం, ఇక ఈ ఊరు మనకు తెలిసిపోయిందని అనుకుంటాం. ఇక్కడి నీళ్లకు ఇక్కడి కట్టుబాటు ఉంటుందని నేను ఒక్క క్షణం ఆలోచించి ఉంటే సరిపోయేది. కానీ నన్ను ఎక్కువ బాధపెడుతున్నది తెలియక చేసిన ఆ పని కాదు, తెలిసి నోరు మూసుకున్న ఆ నిమిషం. చెరువుల వైపు వెళ్లేవాళ్లకు ఒకటే సలహా: వల కాదు, గాలం వేయాలన్నా సరే, ముందు ఊళ్లోకి వెళ్లి చేపల సొసైటీ పెద్ద ఎవరో కనుక్కుని, అడిగి, ఒప్పుకుంటేనే నీళ్లలో దిగండి. నర్సింలు అన్న ఆఖరి మాట మామయ్యకు నేనింకా చెప్పలేదు. ఆయనకు చదువు రాదు, నేను రాసినవన్నీ ధరణి చదివి వినిపిస్తుంది. ఇది కూడా చదవమని చెప్పాను.